మా సంఘం మెడికల్ టీమ్ మొదటిసారి విదేశం వెళ్తోంది, మందుల లిస్టు ఎలా తయారుచేయాలి?

సంఘసేవకురాలు | ఫిబ్రవరి 3

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి 14 మందిమి జూన్‌లో తూర్పు ఆఫ్రికాలోని ఒక పల్లెకు మెడికల్ మిషన్‌కు వెళ్తున్నాం. మొత్తం 10 రోజులు. రాకపోకలు పోను చేతికి 6 రోజులు మిగులుతాయి. ఇద్దరు డాక్టర్లు, ఒక డెంటిస్టు, ముగ్గురు నర్సులు ఉన్నారు. నాతో సహా మిగతా ఎనిమిది మందికి వైద్యం తెలియదు. ఏర్పాట్లన్నీ నాకు అప్పగించారు.

రోజుకు 300 మందిని చూడాలని ప్లాన్. ఒక్కొక్కరి రెండో బ్యాగు పూర్తిగా మందులకే కేటాయించాం. సంఘంలో ప్రకటన చేశాక ఇళ్ళలో మిగిలిన మాత్రలు, సిరప్‌లు, డాక్టర్ల దగ్గరి శాంపిళ్ళు తెచ్చి ఇస్తున్నారు. ఇప్పటికే మూడు అట్టపెట్టెలు నిండాయి. ఇంతకుముందు వెళ్ళొచ్చినవాళ్ళు ఏ మందులు ఎంతెంత తీసుకెళ్ళారో లిస్టు పెడితే చాలా సాయం చేసినవాళ్ళవుతారు.

పాతనర్సు | ఫిబ్రవరి 3

చెల్లీ, ఇలాంటి ట్రిప్పులు ఐదు చేశాను. లిస్టు తప్పకుండా ఇస్తాను. ముందు ఒక సంగతి చెప్పు. మీరు వెళ్ళే చోట క్లినిక్ ఉందా? ఉంటే అక్కడి నర్సుతో మీలో ఎవరైనా మాట్లాడారా?

ఎందుకు అడుగుతున్నానంటే, నా రెండో ట్రిప్పులో ఒక పెద్దావిడకు బీపీ చూశాను. చాలా ఎక్కువ ఉంది. మా డాక్టరు గారు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. 30 మాత్రలు లెక్కపెట్టి కాగితం కవర్లో పోశాను. పొద్దున ఒకటి వేసుకోవాలని గుర్తుగా కవరు మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ వేశాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వారం అలా ఎంతోమందికి ఇచ్చి, మంచి పని చేశామన్న తృప్తితో తిరిగొచ్చాం.

మరుసటి ఏడాది అదే ఊరు వెళ్ళాం. ఆవిడ మళ్ళీ వచ్చింది. గుడ్డ ముడి విప్పి అదే కవరు తీసి నా ముందు పెట్టింది. సూర్యుడి బొమ్మ సగం చెరిగిపోయింది, మడతల దగ్గర కాగితం చిరిగింది. మాత్రలు నెలకే అయిపోయాయి. మిగతా 11 నెలలూ ఆ ఖాళీ కవరు దాచుకుని మా కోసం ఎదురుచూసింది. ముడిని కుడి చేత్తో, పళ్ళతో విప్పుకుంది. ఎడమ చెయ్యి పక్షవాతంతో పడిపోయింది.

ఆ ఊరికి 7 కిలోమీటర్ల దూరంలో ప్రభుత్వ క్లినిక్ ఉంది. అక్కడ అవే మాత్రలు ఇస్తారు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే మేం అడగలేదు. మొదటి రోజే ఒక చీటీ రాసి ఆవిణ్ణి అక్కడికి పంపి ఉండాల్సింది. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే చెప్తున్నాను, లిస్టు కంటే ముందు అక్కడికి ఒక ఉత్తరం రాయి.

మందులలెక్క | ఫిబ్రవరి 4

నేను ఫార్మసిస్టును. ఆ మూడు అట్టపెట్టెల గురించి చెప్పాలి. దయచేసి వాటిని తీసుకెళ్ళకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మందుల దానానికి మార్గదర్శకాలు పెట్టింది. అవతలివాళ్ళు అడిగిన మందే ఇవ్వాలి. అది వాళ్ళ దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో ఉండాలి. అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. జెనరిక్ పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు) అక్కడి సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండాలి. రోగులు వాడగా మిగిలినవీ, ఉచిత శాంపిళ్ళూ అసలు పంపకూడదు. ఇవేవో కాగితం మీద మొక్కుబడిగా రాసుకున్న రూల్స్ కావు. బోస్నియా యుద్ధం రోజుల్లో, 1992 నుంచి 1996 మధ్య, దయతో పంపిన మందుల్లో దాదాపు 17,000 టన్నులు దేనికీ పనికిరాకుండా పోయాయి. యుద్ధంలో నలిగిపోతున్న దేశానికి వాటిని పారేసే పని కూడా నెత్తిన పడింది.

ఇంట్లో మూత తీసిన సిరప్ ఏ ఎండలో ఉందో ఎవరికి తెలుసు? ఎవరి పిల్లకు వద్దనుకున్న సీసాను ఇంకొకరి పిల్లకు ఎలా పోస్తాం?

ఇంకో సంగతి. ఏ దేశమైనా మందులు లోపలికి తేవాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి అడుగుతుంది. జెనరిక్ పేరు, మోతాదు, సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ లిస్టులో ఉండాలి. ట్రమడాల్, డయాజిపామ్, కోడీన్ లాంటి మత్తు కలిగించే మందులైతే విడిగా అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. మా టీమ్ బ్యాగులు మూడింటిని కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆపేశారు. కారణం, ఒకే ఒక్క నొప్పి మాత్రల డబ్బా. అది లిస్టులో లేదు. అక్కడ జనం ఎండలో వరసకట్టి నిలబడితే మేం ఖాళీ చేతులతో కూర్చున్నాం.

వీలైతే మందులు అక్కడే, ఆ దేశంలో లైసెన్సు ఉన్న హోల్‌సేల్ దుకాణంలో కొనండి. మీరు వెళ్ళిపోయాక కూడా అదే పేరు, అదే రంగు మాత్ర వాళ్ళకు దొరుకుతుంది.

సంఘసేవకురాలు | ఫిబ్రవరి 4

చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. అక్కా, ఆ కవరు సంగతి మా పాస్టర్ గారికి ఫోన్‌లో చదివి వినిపించాను.

మేం మాట్లాడింది అక్కడి సంఘ పెద్దతోనే. క్లినిక్ ఉందని ఆయన చెప్పారు గానీ, అక్కడివాళ్ళతో మాట్లాడాలన్న ఆలోచన మాకు రాలేదు. ఇప్పుడు నా బెంగంతా అట్టపెట్టెల గురించే. ఒక ముసలాయన తన భార్య చనిపోయాక మిగిలిన మందులు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయనకు ఏమని చెప్పను?

కాపరి | ఫిబ్రవరి 4

అమ్మా, ఆయనకు నిజమే చెప్పండి. "మీ మందులు దారిలో పాడైతే అక్కడి వాళ్ళకు కీడు జరుగుతుంది, అందుకని తీసుకెళ్ళడం లేదు" అంటే అర్థం చేసుకుంటారు. తర్వాత ఆయన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చోండి. ఆయన ఇవ్వాలనుకున్నది ఆ మాత్రల్ని కాదని నాకు అనిపిస్తోంది.

ఆవలిగట్టు | ఫిబ్రవరి 6

నేను విదేశంలో ఒక మిషన్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. టీమ్‌లు మా దగ్గరికే వచ్చేవి, ఏడాదికి నాలుగైదు. వాళ్ళలో కొందరిని ఇప్పటికీ మా సొంతవాళ్ళలాగే చూసుకుంటాను. అందుకే మనసులో ఉన్నది దాచకుండా రాస్తున్నాను.

టీమ్ వస్తోందని తెలిస్తే రెండు వారాల ముందు నుంచే మా ఓపీ ఖాళీ అయ్యేది. జ్వరం వచ్చిన పిల్లల్ని కూడా "వాళ్ళు వస్తున్నారుగా" అని ఇంట్లోనే ఉంచేవాళ్ళు. టీమ్ వచ్చాక మా నర్సులు ఆరుగురు అనువాదానికి వెళ్ళేవాళ్ళు, వార్డులో ఇద్దరు మిగిలేవాళ్ళు. టీమ్ వెళ్ళాక ఇంకో కష్టం. మా తెల్ల మాత్ర ఇస్తే "అది కాదు, వాళ్ళిచ్చిన గులాబీ రంగుది కావాలి" అనేవాళ్ళు. రెండూ ఒకటే మందు. ఖాళీ స్ట్రిప్ తెచ్చి చూపిస్తే దాని మీది అక్షరాలు మాలో ఎవరికీ చదవడం వచ్చేది కాదు. ఏ మందు వేశారో తెలియకుండా దాని మీద ఇంకో మందు ఎలా రాయాలి?

ఒక టీమ్ మాత్రం మూడేళ్ళు వరసగా వచ్చింది. రాకముందు ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు: "ఈసారి మీ చేతిలో లేనిది ఏంటి?" మొదటి ఏడాది మా ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే యంత్రం) బాగుచేసే మనిషిని తీసుకొచ్చారు. రెండో ఏడాది మత్తు ఇచ్చే నర్సుకు తోడుగా ఒక డాక్టరు వచ్చి పక్కనే నిలబడి నేర్పారు. వాళ్ళు చూసిన ప్రతి రోగి వివరాలూ మా రిజిస్టర్లోనే, మా నంబర్లతోనే రాశారు. వాళ్ళు వెళ్ళాక ఎవరొచ్చినా మాకు తెలిసేది.

కాబట్టి మీకు నేను చెప్పేది రెండే. క్లినిక్ బయట టెంట్ వేయొద్దు, క్లినిక్ లోపల కూర్చోండి. సొంత కాగితాలు వద్దు, వాళ్ళ రిజిస్టర్లో రాయండి.

ఒకవిశ్వాసి | ఫిబ్రవరి 7

ఇదంతా చదివాక అడగాలనిపిస్తోంది. నొప్పించాలని కాదు. 14 మంది విమాన టికెట్ల డబ్బు ఆ క్లినిక్‌కే పంపితే అక్కడి నర్సుకు ఎన్నేళ్ళ జీతం అవుతుందో లెక్క వేశారా? ఆరు రోజుల పనికి అంత ఖర్చు పెట్టడం దేవుని ముందు సరైనదేనా?

ఆవలిగట్టు | ఫిబ్రవరి 7

ఈ ప్రశ్న నేనూ ఎన్నో రాత్రులు వేసుకున్నాను. మందులు పంచడానికే అయితే వెళ్ళకుండా డబ్బు పంపడమే మేలు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కానీ పన్ను పీకే చేతిని బ్యాంకు ద్వారా పంపలేం. ఒకరి పక్కన నిలబడి నేర్పే పనిని కూడా. ఆ అవసరం ఉంటే వెళ్ళాలి, ఎంతమంది కావాలో అంతమందే వెళ్ళాలి.

పల్లెడాక్టర్ | ఫిబ్రవరి 8

ఒకవిశ్వాసి గారి ప్రశ్నకు నాకు గుర్తొచ్చేది ఐడా స్కడర్. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు గారి అమ్మాయి. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పురుడు కష్టమైన తమ భార్యల కోసం ఆమెను రమ్మని వేడుకున్నారు. ఆమెకు వైద్యం రాదు. తండ్రి వస్తానంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు భార్యలూ చనిపోయారు. ఆమె 1899లో కార్నెల్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1900లో వెల్లూరులో ఒక్క మంచంతో క్లినిక్ తెరిచారు. అక్కడితో ఆగలేదు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవాళ్ళ కోసం మెడికల్ స్కూలు మొదలుపెట్టారు. తాను ఒక్కతే ఎంతమందిని చూడగలనన్న లెక్క ఆమెకు బాగా తెలుసు.

ఆరు రోజుల్లో అది సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆరు రోజుల్లో ఇద్దరికి ఒక పని చక్కగా నేర్పవచ్చు.

సంఘసేవకురాలు గారూ, మీ డాక్టర్ల కాగితాల పని ఈ వారమే మొదలుపెట్టండి. మన డిగ్రీ ఇంకో దేశంలో దానంతట అదే చెల్లదు. అక్కడి మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, నర్సులకూ డెంటిస్టుకూ అంతే. దీనికి నెలలు పట్టవచ్చు. అది లేకుండా రోగిని ముట్టుకోవడం చట్టరీత్యా తప్పు. మన దగ్గర లైసెన్సు లేని విదేశీయుడు వచ్చి వైద్యం చేస్తే మనం ఊరుకోం కదా.

రోజుకు 300 అన్న మాట మాత్రం వదిలేయండి. ఇద్దరు డాక్టర్లు ఎనిమిది గంటలు కూర్చుంటే ఒక్కొక్కరికి దాదాపు మూడు నిమిషాలే వస్తాయి, అందులో సగం అనువాదానికే పోతుంది.

తొలిప్రయాణం | ఫిబ్రవరి 10

నేను సంఘసేవకురాలు అక్క టీమ్‌లోనే ఉన్నాను. వయసు 20. వైద్యం రాదు. ఇదంతా చదివాక నేను వెళ్ళడం దండగేమోనని టెన్షన్‌గా ఉంది. పోయినసారి వేరే సంఘంతో వెళ్ళిన ఒక ఫ్రెండ్ "అక్కడ ఇంజెక్షన్లు నేనే వేశాను, వాళ్ళే నేర్పించారు" అన్నాడు. అలా నేర్చుకోవచ్చా?

పాతనర్సు | ఫిబ్రవరి 10

బాబూ, వద్దు. నీ ఊళ్ళో నిన్ను చెయ్యనివ్వని పని అక్కడా చెయ్యకూడదు. పేదవాడి ఒళ్ళు మనం నేర్చుకునే బొమ్మ కాదు. సూది గుచ్చుకుంటే నీకూ ప్రమాదమే.

నువ్వు దండగ అని ఎవరన్నారు? పేరు, వయసు సరిగ్గా రాసే మనిషి లేక మా టీమ్ ఎన్ని తిప్పలు పడిందో చెప్తే నమ్మవు. పిల్లల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. నువ్వు ఒక్కో బిడ్డను జాగ్రత్తగా తూచి కార్డు మీద స్పష్టంగా రాస్తే, డాక్టరు లెక్క సరిపోతుంది. వరసలో నిలబడినవాళ్ళలో ఊపిరి ఆయాసంగా తీసేవాళ్ళను, మత్తుగా పడుకున్న పసివాళ్ళను గమనించి ముందుకు తేవాలి. అది కళ్ళతో చేసే పని. సాయంత్రం రిజిస్టర్ లెక్క చూడాలి. చదివే కళ్ళద్దాలు ఎలా సరిచూడాలో ఒక పూటలో నేర్పిస్తాను. ఈ నాలుగు పనులకే రోజు చాలదు.

తొలిప్రయాణం | ఫిబ్రవరి 10

థాంక్స్ అక్కా. నేర్చుకుంటాను.

సంఘసేవకురాలు | మార్చి 2

క్లినిక్ ఇన్‌చార్జి నర్సు నుంచి జవాబు వచ్చింది. మూడు పేజీలు, చేత్తో రాసి ఫోటో తీసి పంపారు. ఆవిడ రాసినదాని సారాంశం పెడుతున్నాను.

బీపీ, షుగర్ మందులు ప్రభుత్వం నుంచి వస్తాయట, ఆలస్యమైనా వస్తాయి, కాబట్టి తేవొద్దన్నారు. పేషెంట్లను గుర్తించి తన దగ్గరికి పంపితే చాలన్నారు. నులిపురుగుల మాత్రలు ఈ మధ్యే బడుల్లో ఇచ్చారట, మళ్ళీ ఇవ్వొద్దన్నారు. (మేం ఆల్బెండజోల్ 2,000 మాత్రలు లిస్టులో రాసుకున్నాం!) దగ్గర్లో పళ్ళ డాక్టరు లేరు, డెంటిస్టు తప్పక రావాలి. పిల్లల్ని తూచే వేలాడే త్రాసు స్ప్రింగు సాగిపోయింది, కొత్తది కావాలి. లావు చేతులకు పట్టే పెద్ద బీపీ పట్టీ ఒకటి. చదివే కళ్ళద్దాలు తెస్తే సంతోషం.

చివరి పేజీలో ఒకే విషయం. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డలకు చేత్తో నొక్కే గాలి బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించడం ఒకసారి నేర్చుకున్నారట. చాలా రోజులైంది, కొత్తగా చేరిన ఇద్దరికి అసలు రాదు. "మీ నర్సుల్లో ఎవరికైనా వస్తే మాతో కూర్చుని నేర్పండి. మాకు అన్నిటికంటే అదే కావాలి" అని రాశారు.

మా నర్సుల్లో ఒకామె ప్రసూతి వార్డులోనే పనిచేస్తారు. ఉత్తరం చదువుతూ ఏడ్చేశారు.

పల్లెడాక్టర్ | మార్చి 2

ఎంత మంచి ఉత్తరం. ఆమె హెల్పింగ్ బేబీస్ బ్రీత్ శిక్షణ పద్ధతి చూసుకుని వెళ్తే మేలు. 2010లో మొదలైన కార్యక్రమం, పెద్ద ఆసుపత్రి సదుపాయాలు లేని చోట్ల కోసమే తయారుచేశారు. బిడ్డను తుడిచి ఆరబెట్టడం, వీపు రుద్దడం, అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషం లోపలే బ్యాగ్‌తో గాలి అందించడం, నిమిషానికి 40 సార్లు చొప్పున. చెప్తే రాదు, బొమ్మ మీద మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. మాస్క్ మొహానికి అతుక్కోకుండా గాలి బయటికి పోవడమే అందరూ పడే ఇబ్బంది.

టీమ్ ఆరోగ్యం గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఎల్లో ఫీవర్ టీకా కావాలేమో చూడండి. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితకాలం చెల్లుతోంది. వెళ్ళేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడు కూడా చాలా దేశాలు అడుగుతాయి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. వేయించుకోనివాళ్ళు ఇవాళ మొదలుపెడితే వెళ్ళేలోపు రెండు పడతాయి. మలేరియా నివారణ మాత్రలు ఎవరికి ఏవి సరిపడతాయో డాక్టరే చెప్పాలి. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరగానే మానేసి జ్వరం తెచ్చుకునేవాళ్ళు ఎక్కువ. వచ్చాక కొన్ని నెలల లోపు జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.

సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి, హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందులు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో వెళ్ళకముందే తెలుసుకోండి.

విరేచనాలు పట్టుకున్న సభ్యుణ్ణి ఎంత బతిమాలినా పనిలోకి రానివ్వొద్దు. 2010లో హైతీకి కలరా వచ్చింది సాయానికి వచ్చిన శాంతి సేన శిబిరం మురుగు నుంచే. నదిలో కలిసి దేశమంతా పాకింది, దాదాపు 10,000 మంది చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. సాయం చేయడానికి వెళ్ళే మనం మన వెంట ఏం మోసుకెళ్తున్నామో కూడా చూసుకోవాలి.

మందులలెక్క | మార్చి 3

డెంటిస్టు గారికి ఒక మాట. పరికరాలు నీళ్ళలో మరిగిస్తే చాలదు, కొన్ని రకాల సూక్ష్మజీవుల బీజాలు దానికి చావవు. 121 డిగ్రీల ఆవిరిలో, గుడ్డలో చుట్టినవైతే 30 నిమిషాలు పెట్టాలి. క్లినిక్ ఆటోక్లేవ్ పనిచేస్తోందో లేదో, ఒకసారికి ఎన్ని సెట్లు పడతాయో కనుక్కోండి. రోజుకు ఎంతమందికి పళ్ళు తీయగలరన్నది దాన్ని బట్టే తేలుతుంది.

సంఘసేవకురాలు | మార్చి 3

అడిగాను. పనిచేస్తోంది, ఒకసారికి ఆరు సెట్లట. రాసుకున్నాను.

కాపరి గారూ, మా టీమ్‌లో ఒక చర్చ నడుస్తోంది. ముందు ఆరాధన, వాక్యం, ఆ తర్వాత వైద్యం అని కొందరు. మీరేమంటారు?

కాపరి | మార్చి 3

నొప్పితో వచ్చినవాణ్ణి వాక్యం వినేదాకా కూర్చోబెట్టి అప్పుడు మందిస్తే, ఆ మందుకు మనం ధర కట్టినట్టే. ప్రభువు పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేశాడు, తిరిగొచ్చింది ఒక్కడు. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. ప్రార్థన కావాలా అని అడగండి. కావాలన్నవాళ్ళతో మనసారా చెయ్యండి. వద్దన్నవాళ్ళకు కూడా అదే వరస, అదే మందు, అదే మర్యాద.

ఫోటోల విషయం కూడా చెప్తాను. మన బిడ్డ ఒంటి మీద చొక్కా లేకుండా ఏడుస్తుంటే ఫోటో తీసి వేరే దేశంలో తెర మీద వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించి కెమెరా తీయండి.

సంఘసేవకురాలు | జూన్ 29

తిరిగొచ్చాం. అందరం క్షేమం. 14 మందిమి అనుకున్నవాళ్ళం చివరికి 9 మందిమే వెళ్ళాం. వైద్యం తెలిసినవాళ్ళు ఆరుగురు, మేం ముగ్గురం. ఆగిపోయిన ఐదుగురి టికెట్ల డబ్బును ఆ క్లినిక్‌కే ఇచ్చాం. ఒకవిశ్వాసి గారికి ఈ మాట చెప్పాలనుకున్నాను. ఆగిపోవడానికి ఒప్పుకున్న ఐదుగురూ మాకంటే పెద్ద త్యాగం చేశారు.

ఆరు రోజుల్లో మొత్తం 287 మందిని చూశాం. ఒక్క రోజులో చూడాలనుకున్న సంఖ్య కంటే తక్కువ. డాక్టర్లు క్లినిక్ గదిలోనే, అక్కడి క్లినికల్ ఆఫీసర్ (డాక్టరు కాకపోయినా శిక్షణ పొంది వైద్యం చేసే ఉద్యోగి) పక్కన కూర్చున్నారు. అంతా వాళ్ళ రిజిస్టర్లోనే రాశాం. బీపీ ఎక్కువున్నవాళ్ళు 41 మంది. చాలామందికి రెండో రోజు కూడా చూసి, పేరూ పేరూ రాసి ఇన్‌చార్జి నర్సుకు అప్పగించాం. ఆవిడ ప్రతి ఒక్కరికీ మళ్ళీ రావాల్సిన తేదీ తనే చెప్పారు, వాళ్ళ భాషలో, వాళ్ళ పేరుతో పిలిచి. ఆ దృశ్యం చూస్తుంటే పాతనర్సు అక్క కవరు గుర్తొచ్చింది.

ఇంకొకటి రాయాలి. మొదటి రోజు పొద్దున ఆ ఇన్‌చార్జి నర్సు ఒక పసివాడికి ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నారు. 1 మిల్లీలీటర్ సిరంజి. దాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, కిటికీ వైపు తిరిగి, తల వెనక్కి వంచి గీతలు చూస్తున్నారు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు, మళ్ళీ దూరం పెట్టారు. చివరికి పక్కన ఉన్న కుర్ర నర్సును పిలిచి "ఎంతుంది?" అని అడిగారు. వయసు యాభై పైనే ఉంటుంది. తొలిప్రయాణం తమ్ముడు కళ్ళద్దాల పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం వాటిని రోగుల కోసం తెచ్చాం. వాడు ఏమీ మాట్లాడకుండా వెళ్ళి పెట్టె ఆమె ముందు తెరిచాడు. మూడో జత, ప్లస్ 2.00, పెట్టుకుని సిరంజి కళ్ళ ముందుకు తెచ్చుకున్నారు. తర్వాత ఆ సిరంజి పక్కన పెట్టి, గోడ మీద అంటించిన మందుల మోతాదు పట్టిక దగ్గరికి వెళ్ళి పైనుంచి కిందిదాకా మొత్తం చదివారు. పట్టిక కొత్తగా వచ్చినప్పటి నుంచి తాను పూర్తిగా చదవలేదని, కుర్రవాళ్ళను అడిగి నడిపిస్తున్నానని ఆ సాయంత్రం చెప్పారు.

పాతనర్సు | జూన్ 29

చెల్లీ, ఇది రెండుసార్లు చదివాను. ఐదు ట్రిప్పుల్లో వందల కళ్ళద్దాలు పంచాను, అక్కడి నర్సుకు ఒక జత ఇవ్వాలని ఒక్కసారీ తట్టలేదు.

ఆవలిగట్టు | జూన్ 30

నేర్పే పని ఎలా సాగింది?

సంఘసేవకురాలు | జూన్ 30

రెండు మధ్యాహ్నాలు అనుకున్నాం, నాలుగు పట్టింది. మొదటి రోజు అందరి చేతుల్లోనూ మాస్క్ పక్క నుంచి గాలి పోయింది, పల్లెడాక్టర్ గారు అన్నట్టే. బొమ్మ ఛాతీ లేవలేదు. మూడో రోజుకు అక్కడివాళ్ళు నలుగురూ పట్టు సాధించారు. మా నర్సు ఒక మాట అన్నారు: "మేం ఏసీ గదిలో, డాక్టరు పక్కన ఉండగా చేస్తాం. వీళ్ళు రాత్రిపూట ఫోన్ లైటు వెలుగులో ఒంటరిగా చేస్తారు. నేనే వీళ్ళ దగ్గర నేర్చుకున్నాను." బ్యాగ్, రెండు మాస్క్‌లు, బొమ్మ అక్కడే వదిలి వచ్చాం. ప్రతి సోమవారం పది నిమిషాలు సాధన చేయాలని వాళ్ళే పెట్టుకున్నారు.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. కొత్త త్రాసు కొక్కెం అక్కడి దూలానికి పట్టలేదు, రెండు రోజులు తాడు కట్టి నడిపాం. ఆరో రోజు వరసలో 60 మంది దాకా మిగిలిపోయారు, వాళ్ళను వెనక్కి పంపడం నా వల్ల కాలేదు. ఇన్‌చార్జి నర్సే బయటికి వచ్చి, వచ్చే వారం నుంచి తానే చూస్తానని ఒక్కొక్కరికీ నంబర్లు ఇచ్చారు.

తొలిప్రయాణం | జూన్ 30

134 మంది పిల్లల్ని తూచాను. ఒక్కటి కూడా తప్పు రాయలేదు, సాయంత్రాలు అక్కడి అటెండరన్నతో కలిసి రెండోసారి సరిచూశాం.

సంఘసేవకురాలు | జూలై 21

క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. సోమవారం సాధన తప్పకుండా జరుగుతోందట. నెల తక్కువ బిడ్డ ఒకరికి మాస్క్ పెద్దదై కళ్ళ దాకా వచ్చిందని, చిన్న సైజు ఉందా అని అడిగారు. ఆ బిడ్డను రుద్దగానే ఏడ్చింది, బాగానే ఉంది. మేం ఇచ్చినవి రెండూ సైజు 1. చిన్నవి ఎలా పంపాలి?

మందులలెక్క | జూలై 21

సైజు 0 కావాలి. సిలికాన్‌వి తీసుకోండి, ఆటోక్లేవ్‌లో పెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. బ్యాగ్ మూతికి సరిగ్గా పట్టేవే కొనాలి, కాబట్టి మీరు వదిలి వచ్చిన బ్యాగ్ మోడల్ చూసుకోండి. అక్కడి రాజధానిలోనే దొరుకుతాయేమో ముందు కనుక్కోండి. దొరికితే ఇంకోసారి పాడైనప్పుడు వాళ్ళే తెప్పించుకోగలరు.

పాతనర్సు | జూలై 21

ఎన్ని కావాలట?

సంఘసేవకురాలు | జూలై 21

నేను రెండు అనుకున్నాను అక్కా. ఆవిణ్ణే అడిగి రాస్తాను.